ఎడమ తలుపుల ఊరు చైనాను దాటిన వైనం

రానున్న పదేళ్ళలో చైనాను దాటిపోవాలని మా తల్నీక్ పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఒక సభ్యుడు మాత్రం చెయ్యెత్తలేదు. ఆయన నిద్రపోతున్నాడు. మెలకువగా ఉంటే తప్పకుండా ఎత్తేవాడని పక్కనున్నవారు సాక్ష్యం చెప్పగా, ఆ ఓటు కూడా అనుకూలంగానే లెక్కకు వచ్చింది.

తీర్మానానికి శాస్త్రీయమైన పునాది వేసినవాడు వలేరియాన్ కుజ్మిచ్. పాత రోజుల్లో ఆయన మా టెక్నికల్ కాలేజీలో పెట్టుబడిదారీ వ్యవస్థ ఎప్పుడు కూలుతుందో పాఠం చెప్పేవాడు. అందుకోసం గోడంత పటం ఒకటి గీయించుకున్నాడు. అందులో ఎర్రగీత పైకి పోతూ ఉంటుంది, నల్లగీత కిందికి దిగుతూ ఉంటుంది. ఎర్రది మనం, నల్లది అమెరికా. కొన్నాళ్ళకు మన దేశమే కూలిపోయింది. అప్పుడు చాలామంది పండితులు తమ పుస్తకాలను చలిమంటకు వాడుకున్నారు. వలేరియాన్ కుజ్మిచ్ తొందరపడలేదు. అమెరికా అన్న పేరు మీద ఓ కాగితం ముక్క అతికించి, దానిమీద చైనా, ఇండియా, బ్రెజిల్ అని రాశాడు. గీతలను ముట్టుకోలేదు. తప్పు పేర్లలోనే తప్ప గీతల్లో ఉండదని ఆయన నమ్మకం. ఇప్పుడాయన మా ఊరి భావి ఆర్థికావకాశాల సంఘానికి అధ్యక్షుడు.

ఆయన మొదటి నివేదిక చదివాక మాకందరికీ ధైర్యం వచ్చింది. తలసరి మంచులో మేము చైనా కంటే ఎంతో ముందున్నాం. తలసరి నిశ్శబ్దంలోనూ అంతే. వాళ్ళ నగరాల్లో కారు నిలపడానికి చోటు దొరకదట. మా ఊళ్ళో చోటు కావలసినంత ఉంది, కార్లు వస్తే సరిపోతుంది. ఫ్యాక్టరీల పొగ వల్ల వాళ్ళకు ఆకాశం కనిపించదట. మా ఫ్యాక్టరీ పొగ వదలడం మానేసి చాలా ఏళ్ళయింది గనక మా ఆకాశం మాకు పూర్తిగా కనిపిస్తుంది. ఉత్పత్తి అనే ఒక్క అంశంలో మాత్రం వెనకబడ్డాం. నివేదికలో దాన్ని చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో, తగిన మర్యాదతో ప్రస్తావించారు.

ఫ్యాక్టరీ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మా ఊరి ఫ్యాక్టరీ ట్రాక్టర్లకు ఎడమ తలుపులు తయారుచేసేది. కుడి తలుపులు తయారుచేసే ఫ్యాక్టరీ ఓ సోదర రిపబ్లిక్కులో ఉండేది. ఆ సోదరులు వేరుపడి సొంత దేశం పెట్టుకున్నారు. పోతూ పోతూ కుడి తలుపులు తీసుకుపోయారు. మాకు ఎడమ తలుపులు మిగిలాయి. అద్దాలతో సహా, వేల కొద్దీ. ఒక్క తలుపున్న ట్రాక్టరును ఎవరూ కొనరని తెలిసేలోగా ఇంకో మూడేళ్ళపాటు తయారుచేశాం.

ఆ శీతాకాలం చైనాలోని హార్బిన్ నుంచి ఒక పెద్ద పెట్టుబడిదారుడు రైల్లో వస్తున్నాడని తెలిసి ఊరంతా స్టేషనుకు వెళ్ళింది. బ్యాండు మేళం పెట్టారు. అతిథి మర్యాదకు పళ్ళెంలో రొట్టె, ఉప్పు పట్టుకుని ఆడపిల్లలు నిలబడ్డారు. మా స్టేషనులో రైలు ఆగేది కాసేపే. పెట్టుబడిదారుడు కిటికీలోంచి తొంగి చూశాడు. బ్యాండును చూశాడు. మేయరును చూశాడు. వెనకాల ఊరిని కూడా చూశాడు. ఆ తర్వాత తెర లాగేసుకున్నాడు. రైలు వెళ్ళిపోయింది. రొట్టె బ్యాండువాళ్ళు తిన్నారు.

"చైనా పెట్టుబడిదారుడు తల్నీక్‌ను స్వయంగా పరిశీలించారు" అని వలేరియాన్ కుజ్మిచ్ పై అధికారులకు నివేదిక పంపాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మా పత్రికలో ఆ వార్త రాసింది నేనే. దాన్ని చదివి గవర్నరు ఎంతో సంతోషించి, ఆ మహానుభావుణ్ణి కళ్ళారా చూడటానికి ఎల్లుండి వస్తున్నానని ఫోను చేశాడు.

మేయరు అర్ఖీప్ సవేల్యెవిచ్ ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. ఊళ్ళో ఉన్న చైనావాడు ఒక్కడే. అతను కోల్యా.

కోల్యా అసలు పేరు ల్యూ షుచిన్. సరిహద్దున ఉన్న అమూర్ నది దాటి వచ్చి తొమ్మిదేళ్ళయింది. అతని పేరు పలకలేక ఊరే కోల్యా అని పెట్టుకుంది. కపితలీనా అనే వితంతువు ఇంటి పెరట్లో గాజు పాక ఒకటి కట్టి, చలికాలంలో కూడా కీరదోసకాయలు పండిస్తాడు. ఆ పాక గోడలూ, కప్పూ అన్నీ ట్రాక్టరు ఎడమ తలుపులే. తుక్కు కింద కొన్నాడు. కాపా అని అందరూ పిలిచే ఈ కపితలీనా ఒకప్పుడు ఫ్యాక్టరీలో, తయారైన తలుపు ఎడమదేనా కాదా అని పరీక్షించే విభాగంలో పనిచేసింది. మనిషి ఒడ్డూ పొడుగూ గలది, నోరు అంతకన్నా గట్టిది. కోల్యా ఆమె ఇంట్లో అద్దెకు దిగాడు. అద్దె ఇవ్వడం ఎప్పుడు మానేశాడో ఇద్దరికీ గుర్తులేదు.

అప్పటికి కోల్యా పరిస్థితి బాగోలేదు. అతని పాక పట్టణ ప్రణాళికలో లేదు గనక నెలాఖరులోగా కూల్చెయ్యాలని నోటీసు వచ్చింది. నివాసపు కాగితం కావాలంటే ఉద్యోగం చూపించమన్నారు. ఉద్యోగం కావాలంటే నివాసపు కాగితం చూపించమన్నారు. ఈ రెండు ఆఫీసు కిటికీల మధ్య తొమ్మిదేళ్ళు తిరిగాడు. ఏ రోజైనా నది అవతలికి పంపేస్తారని భయం. అందుకే గవర్నరు వచ్చే రోజు ఉదయం మిలీషియా పోలీసుల జీపు వచ్చి గుమ్మం ముందు ఆగినప్పుడు, అతను ఏమీ అడగకుండా చేతులు కడుక్కుని కాపాకు పొయ్యి సంగతి అప్పజెప్పాడు.

"రంపపు పొట్టు మూల పోసి ఉంచాను. పొయ్యి ఆరనివ్వకు. పిందెలు ఇప్పుడిప్పుడే పడుతున్నాయి."

"నీ మొహం. నువ్వు లేకుండా పిందెలు నాకెందుకు?" అని కాపా ఉడికించిన గుడ్లు మూటగట్టుకుని తనూ జీపెక్కింది. దిగమని చెప్పడానికి మిలీషియావాళ్ళు సాహసించలేదు.

మేయరు గదిలో కోల్యాను కూర్చోమన్నారు. తొమ్మిదేళ్ళలో ఆ భవనంలో అతణ్ణి ఎవరూ కూర్చోమనలేదు. అతనికి మరింత భయం వేసింది.

"ఏమోయ్ కోల్యా, నీకు టై కట్టుకోవడం వచ్చా?" అన్నాడు మేయరు.

కోల్యా బిక్కమొహం వేశాడు. దేశం నుంచి పంపేసేవాళ్ళకు టై కట్టి పంపుతారేమో అతనికి తెలియదు.

"టై ఎందుకండీ?" అంది కాపా. "పాక కూల్చడంతో సరిపెట్టుకోరా, ఉరి కూడా వేస్తారా?"

"నువ్వూరుకో తల్లీ. ఇదిగో కోల్యా, ఇప్పట్నుంచి గవర్నరు గారు వెళ్ళేదాకా నువ్వు హార్బిన్ నుంచి వచ్చిన కోటీశ్వరుడివి. మన భాష నీకు ఒక్క ముక్క రాదు. నోరు తెరిస్తే చైనా భాషే రావాలి."

"కానీ మేయరు గారూ, పొయ్యి దగ్గర ఎవరో ఒకరు ఉండాలండీ."

"కోటీశ్వరులకు పొయ్యిలుండవు."

"మరి వీడి కాగితాల మాటేమిటి?" అని కాపా ఎదురు నిలిచింది. "ఆ కిటికీ దగ్గర నిలబడీ నిలబడీ రెండు జతల ఉన్ని బూట్లు అరిగిపోయాయి."

"చూద్దాంలే కాపా. ముందు గవర్నరు గారిని సుఖంగా భోంచేసి పోనీ."

నాటకాల క్లబ్బులో పెట్టుబడిదారుడి వేషానికి కుట్టించిన కోటు ఒకటి ఉంటే తెప్పించారు. పొట్ట దగ్గర పెట్టుకునే దిండు కూడా దానితోపాటే వచ్చింది. దిండు ఉంచాలా తియ్యాలా అన్న ప్రశ్న మీద సంఘం చాలాసేపు చర్చించింది. చివరకు వలేరియాన్ కుజ్మిచ్, చైనా ఇంకా ఎదుగుతున్న శక్తే కాబట్టి దిండు ఉంచాలని, కాకపోతే కాస్త దూది తియ్యాలని తేల్చాడు.

గవర్నరు వచ్చాడు. ఆయన దారిపొడవునా మంచు ఊడ్చారు. ఊడ్చిన మంచు దారి పక్కన మురికిగా కనిపిస్తోందని దానిమీద శుభ్రమైన మంచు చల్లారు. విందు ఫ్యాక్టరీలోనే ఏర్పాటు చేశారు. గోడల వెంబడి కప్పు దాకా పేర్చి ఉన్న ఎడమ తలుపులను చూసి గవర్నరు, "మన నిల్వలు అపారం" అన్నాడు. బల్లల మీద మాంసం కూరిన పెల్మేనీలు పొగలు కక్కుతున్నాయి. కోల్యాను గవర్నరు పక్కనే కూర్చోబెట్టారు. అటు పక్కన దుభాషిగా వలేరియాన్ కుజ్మిచ్ కూర్చున్నాడు. ఆయనకు చైనా భాష రాదు. అయితే ఇరవయ్యేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి గనక, తెలియని విషయం ధారాళంగా చెప్పడంలో ఆయనకు సాటి లేదు.

గవర్నరు గ్లాసు ఎత్తి, కోల్యా వైపు తిరిగి అడిగాడు. "మా తల్నీక్‌లో మీకు బాగా నచ్చిందేమిటి?"

కోల్యాకు ప్రశ్న శుభ్రంగా అర్థమైంది. అదే అతని బాధ. లేచి నిలబడి చైనా భాషలో ఏదో గబగబా చెప్పాడు. ఏం చెప్పాడో తర్వాత నాతో అన్నాడు: పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర ఎవరూ లేరు, పాక చల్లబడిపోయి ఉంటుంది, దయచేసి నన్ను ఇంటికి పోనివ్వండి.

"ఇక్కడి ప్రజల వెచ్చదనం తనను కదిలించిందంటున్నారు" అన్నాడు వలేరియాన్ కుజ్మిచ్. "ఆ వెచ్చదనాన్ని తలచుకుంటే ఇంటికి పోబుద్ధి కావడం లేదంటున్నారు."

కోల్యా ఆయన మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయాడు.

గవర్నరు కళ్ళు చెమర్చాయి. "పెట్టుబడి ఏమాత్రం పెట్టగలరో అడగండి."

కోల్యా కోటు పట్టుకుని, కిందికి చూస్తూ రెండు ముక్కలు చెప్పాడు. దిండు జారిపోతోంది అన్నాడట.

"ఎంతైనా పెడతారట. కడుపు కట్టుకుని అయినా సరే."

చప్పట్లు మోగాయి. నాలుగు గ్లాసులు అయ్యాక గవర్నరు, కోల్యా భుజం మీద చెయ్యివేసి, "ఇంతకూ ఈ ఫ్యాక్టరీలో ఏం చేద్దామని?" అని ఆప్యాయంగా అడిగాడు. కోల్యాకు ఆకలి, అలసట, పొయ్యి దిగులు. ఒక్క క్షణం ఒళ్ళు మరిచి మా భాషలోనే అన్నాడు.

"కీరదోసకాయలు వేస్తానండీ."

బల్ల దగ్గర ఫోర్కులన్నీ ఆగిపోయాయి. మేయరు కళ్ళు మూసుకున్నాడు. గవర్నరు మాత్రం నెమ్మదిగా నవ్వాడు. ఆ మొహంలో పసిపిల్లవాడి ఆశ్చర్యం.

"నాకు అర్థమైంది" అన్నాడు. "ఆయన చెప్పింది నాకు దుభాషి లేకుండానే అర్థమైంది. ఇంత సులువైన భాషకు మనం ఎందుకు భయపడుతున్నాం?"

ఆ రోజే గవర్నరు, ఫ్యాక్టరీని నలభై తొమ్మిదేళ్ళపాటు ఉచితంగా చైనా పెట్టుబడిదారుడికి అప్పగిస్తూ సంతకం చేసి వెళ్ళిపోయాడు. కోల్యా దిండు తీసి బల్ల మీద పెట్టి ఇంటికి పరుగెత్తాడు. పిందెలు సగం చచ్చిపోయాయి. మంచుగడ్డల్లా ఉన్న తీగల పక్కన కూర్చుని ఏడ్చాడని కాపా చెప్పింది. తర్వాత ఆమే అతని వీపు తట్టి లేపింది.

"లేవయ్యా లే. ఈ పెరట్లో పోతే పోయింది. అంత ఫ్యాక్టరీ నీ చేతిలో పెట్టారు."

"అది నాటకం కదా కాపా."

"సంతకం నాటకం కాదుగా. ఈ దేశంలో సంతకం ఉన్న నాటకాన్ని ప్రభుత్వం అంటారు."

కోల్యా నిజంగానే మొదలుపెట్టాడు. తలుపుల అద్దాలతో ఫ్యాక్టరీ కప్పంతా గాజు చేశాడు. పాత బాయిలరుకు రంపపు పొట్టు పెట్టాడు. ఒకప్పుడు తలుపులు చేసిన ఆడవాళ్ళనే పిలిచి పనిలో పెట్టుకున్నాడు. నెల తిరిగేసరికి జీతం ఇచ్చాడు. అది నిజం జీతమా, లేక ఏదైనా ప్రచార కార్యక్రమమా అని వాళ్ళు ఒకటి రెండు రోజులు ముట్టుకోలేదు. బయట గడ్డకట్టే చలిలో లోపల కీరదోసకాయలు వేలాడేవి. వాటిని చూడటానికి పెళ్ళిజంటలు ఫోటోగ్రాఫరుతో వచ్చేవారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి లారీలు వచ్చాయి. మా ఊళ్ళో మొదటిసారి కారు నిలపడానికి చోటు దొరకలేదు. సంఘం ఈ పరిణామాన్ని ఆందోళనతో గమనించింది.

అసలు చిక్కు వార్షిక నివేదిక దగ్గర వచ్చింది. వలేరియాన్ కుజ్మిచ్ రెండు రాత్రులు నిద్రపోకుండా లెక్కవేసి, తెల్లబోయిన మొహంతో మేయరు దగ్గరికి వచ్చాడు.

"కొంప మునిగిందండీ. కోల్యా పండించే ప్రతి కాయ చైనా పెట్టుబడి ఖాతాలోకి పోతోంది. మనం పెరిగినకొద్దీ చైనా పెరుగుతోంది. ఇలా అయితే మనం ఎంత పరుగెత్తినా వాళ్ళను దాటలేం. వాళ్ళు మన వీపు మీద కూర్చుని పరుగెత్తుతున్నారు."

"పండించడం ఆపమందామా?"

"ఆపితే మనకున్న వృద్ధి కూడా పోతుంది."

"మరేం చేద్దాం?"

"చైనావాణ్ణి మనవాణ్ణి చేసేద్దాం."

ఇంత తెలివైన ఆలోచన మా పురపాలక సంఘానికి అంతకుముందు ఎన్నడూ రాలేదు. తొమ్మిదేళ్ళుగా దొరకని కాగితాలు ఒక మధ్యాహ్నంలో తయారయ్యాయి. పౌరసత్వపు పుస్తకం మేయరే స్వయంగా కాపా ఇంటికి తెచ్చి ఇచ్చాడు. అందులో కోల్యా పేరు మా పద్ధతిలో నికొలాయ్ ల్యూవిచ్ అని రాసి ఉంది. కోల్యా దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. తన ఫోటో తనదేనా అని కాపాను అడిగాడు. ఆ సాయంత్రం ఇద్దరూ పెళ్ళి నమోదు చేయించుకుని, ఊరందరికీ కీరదోసకాయలు పంచారు.

మర్నాడు రెండో చిక్కు బయటపడింది. నికొలాయ్ ల్యూవిచ్ ఇప్పుడు స్వదేశీయుడు. ఫ్యాక్టరీ ఇచ్చింది విదేశీ పెట్టుబడిదారుడికి. కాబట్టి ఒప్పందం చెల్లదు. చట్టాన్ని గౌరవించే ఊరు మాది. బాయిలరు ఆర్పి, గేటుకు తాళం వేసి, సీలు పెట్టారు. ఆడవాళ్ళంతా తమ కోట్లు తొడుక్కుని బయట మంచులో నిలబడ్డారు. కోల్యా మేయరు గదికి పరుగెత్తాడు.

"లోపల కాయలున్నాయండీ. రేపటికి అన్నీ గడ్డకడతాయి."

"కూర్చోండి నికొలాయ్ ల్యూవిచ్" అన్నాడు మేయరు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి 'మీరు' అన్నాడు. "మీ సేవలను ఊరు మరవదు. మిమ్మల్ని భావి ఆర్థికావకాశాల సంఘానికి ఉపాధ్యక్షులుగా నియమించాం. గది ఉంది, కుర్చీ ఉంది, జీతముంది. గది వెచ్చగా ఉంటుంది."

కోల్యా చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి. ఆడవాళ్ళకు ఏదో ఒకటి చెయ్యవచ్చని, లోపల కూర్చుంటే మాట చెల్లుతుందని అనుకునే ఒప్పుకున్నాడు. మొదటి రోజు గుమాస్తా వెండి పిడి గ్లాసులో టీ తెచ్చి ఇస్తే లేచి నిలబడి అందుకున్నాడు. వారం తిరిగేసరికి కూర్చునే అందుకున్నాడు. నెల తిరిగేసరికి టీ చల్లారిందని కసిరాడు. ఒకప్పుడు అతణ్ణి కిటికీ దగ్గర నిలబెట్టిన అమ్మాయే ఇప్పుడు ఎదురుపడితే పక్కకు తప్పుకుంటోంది. అలాంటి సుఖం ఎవరికి చేదు? ఫ్యాక్టరీ తెరవాలని మూడు సమావేశాల్లో ప్రసంగించాడు. నాలుగో సమావేశంలో, ఫ్యాక్టరీ తెరవడానికి గల అవకాశాల అధ్యయనం మీద ప్రసంగించాడు. వసంతోత్సవం నాటికి పటం ముందు నిలబడి, కర్రతో ఎర్రగీత చూపిస్తూ, "మనం చైనాను దాటడం చారిత్రక అనివార్యత" అన్నాడు. ఉచ్చారణలో ఒక్క దోషం లేదు. సభ్యుల కళ్ళు తడిశాయి. చైనాను మేము దాటామో లేదో గానీ, ఒక చైనావాణ్ణి మాత్రం సంపూర్ణంగా ఇవతలికి తెచ్చుకున్నాం.

ఆ రోజు అతను ఇంటికి వస్తే తలుపు గడియ వేసి ఉంది.

"కాపా, తలుపు తియ్యి."

"ఎవరు?"

"నేను. నికొలాయ్ ల్యూవిచ్."

"ఆయనెవరో నాకు తెలియదు. నేను పెళ్ళాడింది కోల్యాను. చేతులకు మట్టి ఉంటుంది అతనికి."

కోల్యా మెట్ల మీద కూర్చున్నాడు. చాలాసేపటికి లోపలినుంచి మళ్ళీ కాపా గొంతు వినిపించింది. ఈసారి అంత గట్టిగా లేదు.

"ఆ ఆడవాళ్ళు ఇవాళ కూడా వచ్చారయ్యా. ఏం చెప్పను వాళ్ళకు? ఎర్రగీత వండుకు తినమననా?"

అతను టై విప్పి జేబులో పెట్టుకున్నాడు. లేచి పెరట్లోకి వెళ్ళి, ఆరిపోయిన పాత పొయ్యిలో పొట్టు పోసి అంటించాడు. కాపా కిటికీలోంచి పొగ చూసి గడియ తీసింది.

ఆ వారంలో ఫ్యాక్టరీ వెనక గోడకు కంత ఒకటి కనిపించింది. ఎవరు చేశారో తెలియదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఎడమ తలుపులు వీపున వేసుకుని ఇళ్ళకు పోవడం మొదలుపెట్టారు. ఊళ్ళో ప్రతి పెరట్లోనూ ఒక గాజు పాక లేచింది. ఎక్కడ ఎలా నాటాలో కోల్యా సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి చూపించాడు. తనిఖీ అధికారి వచ్చి ఒక ముసలావిడను నిలదీశాడు.

"ఈ తలుపులు ఎక్కడివి?"

"మా తాత ట్రాక్టరువి నాయనా."

"ముప్ఫై తలుపులా?"

"పెద్ద ట్రాక్టరు."

"అన్నీ ఎడమవైపువే ఉన్నాయే?"

"కుడివైపు గోడ ఉండేది నాయనా."

అధికారి ఆ జవాబు రాసుకుని, ఒక సంచి కీరదోసకాయలు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మా ఊరు ఎంతో సుఖంగా ఉంది. ఉపాధ్యక్షుడు నికొలాయ్ ల్యూవిచ్ పగలంతా వెచ్చని గదిలో కూర్చుని వృద్ధి రేటు పెంచుతాడు. సాయంత్రం కోల్యా అయిపోయి కీరదోసకాయలు పెంచుతాడు. మేయరు పెరట్లోనూ పాక ఉంది, వలేరియాన్ కుజ్మిచ్ పెరట్లోనూ ఉంది. పెరళ్ళలో పండేది లెక్కలోకి రాదు. లెక్కలోకి వచ్చేది ఎక్కడా పండదు. అధికారికంగా మా ఊళ్ళో ఒక్క కాయ కూడా లేదు. అయినా ఊరవేసిన జాడీలు పెట్టుకోవడానికి ఎవరింట్లోనూ చోటు చాలడం లేదు. నేను ఈ వృత్తాంతం రాస్తూ కూడా ఒకటి కొరుకుతున్నాను, సోయికూర వేసి ఊరబెట్టింది.

చైనా పని పూర్తయినట్టేనని సంఘం మొన్న ప్రకటించింది. ఇక ఇండియా వంతు. గవర్నరు అప్పుడే ఇండియా పెట్టుబడిదారుణ్ణి చూడాలని ముచ్చటపడుతున్నాడు. పోయినసారి జరిగిన పొరపాటు మళ్ళీ జరగకూడదని ఈసారి సంఘం మీ ఇండియా పత్రికల్లో ప్రకటన ఇచ్చింది. వయసుతో, చదువుతో, డబ్బుతో పనిలేదు. కోటు, దిండు ఊరే ఇస్తుంది. పెట్టిన షరతు ఒక్కటే: అభ్యర్థికి ప్రసంగించడం బాగా వచ్చి ఉండాలి, ఏదైనా పండించడం మాత్రం బొత్తిగా రాకూడదు.

ఆ షరతుకు తగినవాళ్ళు దొరకడం కష్టమని మేము భయపడ్డాం. మీ వైపు నుంచి వచ్చిన దరఖాస్తులు పెట్టడానికి ఇప్పుడు ఫ్యాక్టరీ తాళం తీయవలసి వచ్చింది.